ఒలీవ కోతకి వెళ్ళిన ఏడు

మా తమ్ముణ్ణి మా నాన్న కొట్టాడు, అమ్మ కొట్టింది, బడిలో మాస్టార్లు కొట్టారు, అక్కనన్న అధికారంతో నేనూ కొట్టాను. కానీ యాభై దాటాక, దేశం కాని దేశంలో, మాకు అన్నం పెట్టిన ఇంటావిడే వాణ్ణి చేతికర్రతో బాదుతుందని కలలో కూడా అనుకోలేదు. బేత్లెహేముకి కాస్త దూరంలో, కొండ మీది ఒలీవ తోటలో, పదిమంది చూస్తుండగా జరిగిందది. ఒక దెబ్బ వీపు మీద పడింది, ఇంకోటి మోచేతి మీద. తర్వాతిది నా మీద పడవలసిందే, ఆవిడ కూతురు కర్ర పట్టుకుని ఆపింది.

ఆ దెబ్బ సంగతి చెప్పాలంటే మేం అక్కడికెందుకు వెళ్ళామో ముందు చెప్పాలి.

మాది నూజివీడు పక్కన పల్లె. నేను మైలవరం, జి. కొండూరు వైపు బళ్ళలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. తమ్ముడిది మామిడి తోట, సగం బంగినపల్లి, సగం చిన్న రసాలు. తాతల నాటి నుంచీ మేం ప్రొటెస్టెంట్లం. మా వైపు క్రైస్తవులకి కళ్ళు మూసేలోగా పరిశుద్ధ దేశం చూసి రావాలని ఉంటుంది. రిటైరైన కొత్తలో నేనూ సంఘం వాళ్ళతో వెళ్ళొచ్చాను. అందరి నెత్తినా ఒకే రంగు టోపీలు, ఏసీ బస్సులో పాటలు, సీసాల్లో యొర్దాను నీళ్ళు. ఒకరోజు బస్సు ఒక ఎత్తైన కాంక్రీటు గోడ పక్కన పోతోంది. గోడ అవతల కొండ మీద మెట్లు మెట్లుగా తోటలు. "ఆ తోటలు ఎవరివండీ?" అని గైడుని అడిగాను. "అటు చూడక్కర్లేదు మేడమ్, అది మన ప్రోగ్రామ్‌లో లేదు" అన్నాడు.

ఉద్యోగమంతా పిల్లల చేత మ్యాపులు గీయించినదాన్ని. నన్ను పట్టుకుని అటు చూడక్కర్లేదంటే ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండితే తొందరగా చల్లారదు. ఇంటికొచ్చాక సీసాలో యొర్దాను నీళ్ళు అందరికీ పంచాను గానీ, నా మనసు ఆ గోడ అవతలే ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్ళకి, నాతో పనిచేసిన ఒక టీచరమ్మ విజయవాడలో కనిపించి ఇంకో రకం యాత్ర గురించి చెప్పింది. అందులో గుడులూ సమాధులూ చూపించరు. పాలస్తీనా వాళ్ళ ఇళ్ళల్లో ఉండాలి, వాళ్ళు తిన్నది తినాలి, నీళ్ళెలా వస్తాయో, పిల్లలు బడికెలా వెళ్తారో, రైతు తన పొలానికెలా వెళ్తాడో దగ్గరుండి చూసి నేర్చుకోవాలి. కోతల కాలంలో వెళ్తే కోతకి సాయం పట్టాలి. పరాయి దేశాల మనుషులు పక్కనుంటే కొట్టడానికి వచ్చేవాళ్ళు కాస్త వెనకాడతారని వాళ్ళ ఆశ. ఈ మాట చెప్తే తమ్ముడు పగలబడి నవ్వాడు. "కాయలు కొయ్యడానికి విమానంలో తీసుకెళ్తారా అక్కా? ఇక్కడ ఆటోలో రమ్మన్నా రావట్లేదు కూలీలు. నేనూ వస్తా" అన్నాడు. గాజా యుద్ధానికి ముందటి ఏడాది సంగతి ఇది.

మేమేదో హింస ఎరగని సాధువులం అనుకోకండి. మా వైపు గట్టు తగాదాల్లో తలకాయలు పగిలాయి. పక్కవాడి మీద కోపంతో, కాపుకొచ్చిన మామిడి చెట్ల మొదళ్ళలో యాసిడ్ పోసిన మహానుభావులున్నారు. మా చిన్నప్పుడు మా తోటలోనూ కొన్ని చెట్లు అలాగే నిలువునా ఎండిపోయాయి. ఆ ఏడంతా నాన్న కత్తి నూరి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు. ఎవరి మీదా ఎత్తలేదు గానీ, ఎత్తేవాడే. కాబట్టి చెట్టుని చంపేవాళ్ళు ఎలా ఉంటారో మాకు తెలుసనే అనుకుని వెళ్ళాం.

మేం దిగిన ఇల్లు ఒక విధవరాలిది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టే మాట్లాడేది. కూతురు ఒక్కతే. ఇంగ్లీషు చదువుకుంది. ఆవిడ అరబ్బీలో అన్నది ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పేది, అది నేను తమ్ముడికి తెలుగులో చెప్పేదాన్ని. తిట్లు మాత్రం అనువాదం లేకుండానే వాడికి అర్థమయ్యేవి.

ఆ ఇంటి మేడ మీద నల్లటి నీళ్ళ ట్యాంకులు వరసగా ఉన్నాయి. ఊరికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా మేడ ఎక్కి పైపులు సర్దేవాళ్ళు. ఎదురు కొండ మీద, యూదులు వచ్చి కట్టుకున్న ఎర్ర పెంకుల ఇళ్ళ కొత్త కాలనీలో, నడి ఎండలో గడ్డికి నీళ్ళు చల్లే గొట్టాలు తిరుగుతుండేవి. ఊరి బయట ఒక ఇనప గేటు ఉంది. సైనికులకి బుద్ధి పుడితే తెరిచేవాళ్ళు, లేకపోతే లేదు. ఆ అమ్మాయి కాలేజీకి ఎన్ని గంటలకి చేరుతుందో ఆమెకే తెలియదు. "మరి ఆలస్యానికి రోజూ ఏం చెప్తావమ్మా కాలేజీలో?" అని అడిగితే, "ఏమీ చెప్పను, లెక్చరర్లు కూడా ఆ గేటు దగ్గరే ఉంటారు" అంది. రొట్టె, ఒలీవ నూనె, ఉప్పులో ఊరిన కాయలు, పుదీనా ఆకు వేసిన టీ. తమ్ముడు రెండో రోజుకే ఆ ఊరిన కాయల్ని ఆవకాయ నంజుకున్నట్టు నంజుకుని తినడం మొదలుపెట్టాడు.

ఆవిడ అసలు తోట ఊళ్ళో లేదు. కొండ మీద, ఆ కొత్త కాలనీకి ఆనుకుని ఉంది. అది ఆవిడ మామగారి తాతల నాటిది. అయినా ఏడాదిలో రెండు రోజులే పోనిస్తారు. సైన్యం పర్మిషన్ ఇచ్చిన ఆ రెండు రోజుల్లోనే దున్నాలి, కొమ్మలు కొట్టాలి, కాయ కోసుకోవాలి. కోయకుండా వదిలేస్తే, ఇది ఎవరూ సాగు చెయ్యని భూమి అని లాక్కునే దారి ఉంది. అందుకని ఆవిడకి కాయ కన్నా కోయడం ముఖ్యం. ఆ రెండు రోజులూ కొండ మీద ఆవిడ కాలు పడాలి, చెయ్యి పడాలి. మమ్మల్ని పిలిపించుకున్నది అందుకే. ఈ మాట మొదటి రోజే మొహం మీద చెప్పింది. "మీరు చుట్టాలు కాదు, సాయానికి వచ్చారు. తెల్లారకముందే లేవాలి."

పొద్దున్నే కొండెక్కాం. మాతో యాత్రకి వచ్చిన గుంపులో ఉన్న ఏడెనిమిది మందీ, ఆవిడా, కూతురూ, యెరూషలేము నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఆయన యూదుడు. ప్రతి ఏడూ కోతకి ఇలా వచ్చి సాయం చేస్తాడట. గోనెపట్టాలు చెట్టు కింద పరిచి, కొమ్మని రెండు చేతులతో దువ్వితే కాయలు జలజలా రాలతాయి. అంతే పని. కానీ మా తమ్ముడికి అది చేతకాలేదు. మామిడి కాయ తొడిమతో కోసి, నేల తగలకుండా చిక్కంలో దించడం వాడి నలభై ఏళ్ళ అలవాటు. కాయ నేల మీద పడితే వాడికి ప్రాణం పోయినట్టు ఉంటుంది. ఒక చేత్తో ఒక్కో ఒలీవ కాయ తెంపి, ఇంకో చేతిలో పెట్టుకుని, వంగి పట్టా మీద పెట్టేవాడు. ఆవిడ చూసి చూసి, కూతుర్ని పిలిచి, "ఈయన్ని వచ్చే ఏడు దాకా ఇక్కడే ఉంచుకోవాలేమో అడుగు" అంది. కొండంతా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, వాడికి నా నవ్వు మీదే కోపం వచ్చింది.

ఏదో ఒకటి చేసి మళ్ళీ మంచివాడు అనిపించుకోవాలనుకున్నాడు. అక్కడే తప్పు జరిగింది.

మా మామిడి తోటల్లో ఒక అలవాటు ఉంది. ఏళ్ళ తరబడి కాయని చెట్టుని బెదిరిస్తారు. పూతకి ముందు ఒకరు గొడ్డలి తీసుకుని వెళ్ళి, దాని వెనక వైపుతో చెట్టుని తట్టి, "కాస్తావా, నరికెయ్యమంటావా?" అని గద్దిస్తారు. చెట్టు వెనకాల ఇంకొకరు నిలబడి, చెట్టు తరఫున, "కాస్తాను, కాస్తాను, ఈ ఒక్క ఏడూ వదిలెయ్" అని బతిమాలతారు. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. మా ఇంట్లో గొడ్డలి నాన్నది, చెట్టు గొంతు నాది. మూఢనమ్మకాలని మా నాయనమ్మ సణిగేది గానీ, చాటుగా నిలబడి చూసేది.

ఆ తోట అంచున ఒక చెట్టుకి ఒక్క కాయ లేదు. మోడు లాంటి లావాటి మొదలు, దాని చుట్టూ గుబురుగా లేత కొమ్మలు. తమ్ముడు ఎండు కొమ్మలు కోసే రంపం చేతిలో పట్టుకుని, నన్ను చూసి కన్ను కొట్టాడు. "అక్కా, నువ్వు చెట్టువి. వెనక్కి పో." నేను అరవై దాటినదాన్ని, నవ్వుకుంటూ పోయి ఆ గుబురు వెనకాల నక్కాను. వాడు కళ్ళెర్ర చేసి, రంపం ఎత్తి, "ఏమే, కాస్తావా కొయ్యమంటావా?" అని కొండ అదిరేలా అరిచాడు. నేను గొంతు మార్చి "కాస్తానయ్యా" అనబోయేలోగా వాడి వీపు మీద దెబ్బ పడిన చప్పుడు వినిపించింది.

నేను ఇంకా ఆటలోనే ఉన్నాను. నవ్వుతూనే బయటికి వచ్చాను. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆవిడ రంపం లాక్కుని దూరంగా విసిరేసింది. అరుస్తోంది, గొంతు పగిలిపోయేలా. కూతురు ఏడుస్తూ కర్ర పట్టుకుంది.

ఆ చెట్టుని కొన్నేళ్ళ కిందట పై కాలనీవాళ్ళు రంపంతో కోసేశారట. ఆ రోజు ఇంకా ఎన్నో చెట్లని అలాగే కోశారు. మిగతావి చచ్చిపోయాయి, ఇదొక్కటి చిగురించింది. ఆవిడ పర్మిషన్ లేకపోయినా కొండ కింది నుంచి దొంగతనంగా పాక్కుంటూ వెళ్ళి సీసాలతో నీళ్ళు పోసి బతికించుకుంది. అది కాయని చెట్టు కాదు, ఇంకా కోలుకుంటున్న చెట్టు. మొదలు మీద నల్లగా కోత గుర్తు ఉంది. పుట్టింది మొదలు తోటలో పెరిగిన మా తమ్ముడికి అది కనిపించకపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎదురుగా ఉన్నది చూడక్కర్లేదని మాకు ఎవరూ చెప్పలేదు కూడా.

మా అలవాటు గురించి కూతురికి చెప్పాను, ఆ అమ్మాయి తల్లికి చెప్పింది. ఆవిడ విన్నది. కోపం తగ్గలేదు గానీ మొహంలో వింతగా ఏదో కదిలింది. "మీ ఊళ్ళో చెట్టుని భయపెట్టడానికి ఇంట్లోవాళ్ళే వెళ్ళాలా?" అంది. "ఇక్కడ ఆ పని చెయ్యడానికి చాలామంది ఉన్నారు." తర్వాత సంచిలోంచి నూనె సీసా తీసి, తమ్ముడి చొక్కా పైకెత్తి, వాతల మీద తనే రాసింది. రాస్తూ కూడా తిడుతూనే ఉంది. వాడు చిన్నపిల్లాడిలా తల దించుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా అందరికన్నా వేగంగా కోశాడు.

వాళ్ళు భోజనాల వేళకి వచ్చారు. పైన కాలనీ వైపు నుంచి, మొహాలకి గుడ్డలు కట్టుకున్న కుర్రాళ్ళు. చేతుల్లో దుడ్డుకర్రలు, ఇద్దరి దగ్గర తుపాకులు, ఒకడి చేతిలో మోటారు రంపం. ముందు రాళ్ళు వచ్చాయి. మొదటి రాయి రొట్టెల గిన్నె మీద పడింది, రెండోది నా భుజం మీద. యెరూషలేము ముసలాయన రెండు చేతులూ ఎత్తి వాళ్ళ భాషలో ఏదో చెప్తూ ఎదురు వెళ్ళాడు. ఆయన్నే మొదట కొట్టారు. నుదురు చీలి రక్తం కళ్ళలోకి కారుతుంటే నేల మీద కూర్చుండిపోయాడు. కూర్చున్నవాణ్ణి కూడా తన్నారు. ఒకడు కత్తితో సంచులు కోసుకుంటూ వచ్చాడు. పొద్దుట్నుంచీ కోసిన కాయంతా కొండ వాలులో దొర్లుకుంటూ పోయింది. ఇంకొకడు మా గుంపులో చెన్నై నుంచి వచ్చిన అమ్మాయి కళ్ళలో ఏదో స్ప్రే కొట్టాడు. ఆ అమ్మాయి మట్టిలో పడి గిలగిలా కొట్టుకుంది. గట్టు తగాదాలు చూసినదాన్ని నేను. వాటిలో కొట్టేవాడు కూడా భయపడుతూ కొడతాడు. వీళ్ళు మాత్రం నవ్వుకుంటూ కొట్టారు.

కింద రోడ్డు మీద జీపు ఆగి ఉంది. సైనికులు చూస్తున్నారు. పొద్దున్న మా పాస్‌పోర్టులు చూసి, భద్రంగా కోసుకోండని చెప్పినవాళ్ళే. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం?

అప్పుడు మోటారు రంపం మొదలైంది. మామిడి రైతుకి ఆ చప్పుడు కడుపులో తెలుస్తుంది. మా తమ్ముడు ఒక్కసారి అటు తిరిగాడు. ఆ కుర్రాడు అంచున ఉన్న చెట్టు దగ్గర ఉన్నాడు. పొద్దున్న మా వాడు రంపం ఎత్తిన చెట్టు. "ఒరేయ్!" అని తమ్ముడు పరిగెత్తాడు. నేను వాడి పేరు పెట్టి అరిచాను. వాడికి వినపడలేదు, వినపడినా ఆగేవాడు కాదు. ఒట్టి చేతులతో పోతున్నాడు. అటు తుపాకీ ఉన్నవాడు తిరిగాడు. దుడ్డుకర్ర ఉన్నవాడు పక్కనుంచి వస్తున్నాడు.

ఆవిడ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడలేదు. వెనకనుంచి వాడి చొక్కా పట్టుకుని లాగింది. ఇద్దరూ పడ్డారు. పడినవాడి మీద ఆవిడ అడ్డంగా పడుకుని చెయ్యి ఎత్తింది. దుడ్డుకర్ర ఆ చేతి మీద పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడు. అది నేను అంత దూరం నుంచి విన్నాను. రెండో దెబ్బ కూడా కొట్టాడు, అదే చేతి మీద. ఆవిడ లేవలేదు. తమ్ముడు కింద నుంచి "లేవమ్మా, లేమ్మా" అని తెలుగులో ఏడుస్తున్నాడు, ఆవిడ వాణ్ణి మోకాలితో అదిమి కదలనివ్వలేదు. వాళ్ళ పక్కనే చెట్టు ఒరిగింది.

తర్వాత సైనికులు కొండెక్కారు. పొగబాంబులు మా వైపే వేశారు. ఈ ప్రాంతం మూసేస్తున్నామని ఒక కాగితం చూపించి మమ్మల్ని కిందికి తోలారు. రెండో రోజు పర్మిషన్ రద్దు. మొహాలకి గుడ్డలున్నవాళ్ళు తాపీగా వెనక్కి నడుచుకుంటూ పోయారు.

ఊరి గేటు మూసి ఉంది. చుట్టూ తిరిగి, మట్టి దారుల్లో, పాత వ్యాన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కూతురు ఒలీవ పుల్లలు రెండు పెట్టి, తలగుడ్డ చింపి, ఆ చెయ్యి కట్టింది. వ్యాను ఎగిరినప్పుడల్లా ఆవిడ పళ్ళు కొరుక్కునేది, ఏడ్చింది మాత్రం లేదు. ఏడ్చింది మా వాడు. "అక్కా, నేను పరిగెత్తకపోతే ఆవిడ చెయ్యి ఉండేది" అన్నాడు. నేను ఓదార్చలేదు. నిజమే కదా అనిపించింది. వాణ్ణి పొద్దున్న ఆవిడ కొట్టిన దెబ్బలు ఇప్పుడు నేను కొట్టాలనిపించింది.

ఆవిడ అడిగింది, ఏమంటున్నాడని. చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. "నా చెయ్యి గురించి ఏడవొద్దని చెప్పు. చెయ్యి అతుక్కుంటుంది. మీ ఊరు వెళ్ళాక కూడా నా చెయ్యి కథ చెప్పొద్దు. అయ్యో పాపం అంటారు, అన్నం తిని పడుకుంటారు. ఆ కొండ నాదని చెప్పండి. ఆ చెట్లు నావని, మీ చేతులతో మీరు కోశారని చెప్పండి. అదొక్కటే నాకు కావాలి."

చెప్తామని మాటిచ్చాం. అది తేలికైన పని అనుకున్నాను. తిరిగి వచ్చిన తర్వాతి ఆదివారం మా సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. పరిశుద్ధ దేశం వెళ్ళొచ్చినవాళ్ళు ఆరాధన మధ్యలో లేచి, ప్రభువు నడిచిన నేల చూశాం, కన్నీళ్ళు ఆగలేదు అని చెప్పడం మాకు ఆనవాయితీ. నేను మైకు దగ్గరికి వెళ్ళి, ఆ కొండ ఎవరిదో, ఆ తోట ఎవరిదో, అక్కడ మేమేం కోశామో, ఎవరు వచ్చి కొట్టారో చెప్పాను. మొదట్లో అందరూ తలలూపారు. తర్వాత తలలు ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "దిగవమ్మా టీచరమ్మా" అన్నారు.

సంఘ పెద్ద లేచాడు. నా కన్నా వయసులో చిన్నవాడు, నా దగ్గర చదువుకున్నవాడే. "సాక్ష్యం చెప్పమంటే రాజకీయాలు చెప్తారేంటండీ? దేవుడు ఏర్పరచుకున్న జనం మీద నేరాలు మోపుతారా మందిరంలో నిలబడి?" అన్నాడు.

"దెబ్బలు తిన్న ముసలాయన కూడా యూదుడేనయ్యా, నీకెంత తెలుసని" అన్నాను.

అతను మైకు లాక్కున్నాడు. నేను వదల్లేదు. మణికట్టు పట్టుకుని మెలితిప్పి లాగాడు. నేను బల్ల మీదికి తూలాను. మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న మా తమ్ముడు ఎలా లేచాడో, ఎంతమందిని దాటాడో తెలియదు. ఒక్క గుద్దుకి ఆ సంఘ పెద్ద పెదవి చిట్లి తెల్ల చొక్కా మీద రక్తం కారింది. ఇంకెవరో ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి తమ్ముడి తల మీద కొట్టారు, కుర్చీ కాలు విరిగింది. పిల్లలు ఏడుపు. పాస్టర్ గారు "ప్రభువా, ప్రభువా" అని అరుస్తూనే ఉన్నారు. ఆ మందిరంలోనే మాకిద్దరికీ పెళ్ళిళ్ళు జరిగాయి. ఆ రోజు సాయంత్రం మా ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి.

నూజివీడులో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. తమ్ముడు క్షమాపణ చెప్పాలన్నారు. వాడు లేచి నిలబడి, "కొట్టినందుకు క్షమించండి. మా అక్క చెప్పినదానికి మాత్రం అడగను" అన్నాడు. అదెలా కుదురుతుందన్నారు. కుదరకపోతే మానేద్దాం అన్నాడు. అప్పట్నుంచి మేం ప్రార్థన ఇంట్లోనే చేసుకుంటున్నాం. నాకు బాధ లేదని చెప్తే అబద్ధం. ఆదివారం గంట వినపడితే ఏదో ఒక పని కల్పించుకుని పెరట్లోకి వెళ్ళిపోతాను.

తర్వాతి కోతల కాలానికి యుద్ధం మొదలైంది. టీవీలో గాజా చూడలేక కట్టేసేదాన్ని, ఉండలేక మళ్ళీ పెట్టేదాన్ని. మళ్ళీ వస్తామని రాసిన మా గుంపు వాళ్ళెవరినీ రానివ్వలేదు. ఆవిడ కొండకి ఆ ఏడు పర్మిషన్ ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. చెయ్యి అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుందని కూతురు చెప్పింది.

ఒకరోజు తమ్ముడికి క్యారేజీ తీసుకుని తోటకి వెళ్ళాను. కూలీలతో పాదులు తీయిస్తున్నాడు. అప్పుడే ఆ అమ్మాయి వాట్సాప్‌లో వీడియో కాల్ చేసింది. వాళ్ళకి ఉదయం. తను మేడ మీద ఉంది, నీళ్ళ ట్యాంకుల పక్కన. ఫోన్ కొండ వైపు తిప్పింది. కొండ చుట్టూ కొత్తగా ఇనప కంచె వేశారు. కంచె లోపల, ఆవిడ చెట్ల కింద, పట్టాలు పరిచి కాలనీ మనుషులు కాయ దులుపుతున్నారు. పొడుగాటి కర్రలతో కొమ్మల మీద బాదుతున్నారు. ఒకడు తుపాకీతో కాపలా నిలబడ్డాడు.

మేడ అంచున ఆవిడ వెనక నుంచి కనిపించింది. వంకర చెయ్యి పిట్టగోడ మీద ఆనించి, రెండోది ఊపుతూ కొండ వైపు అరుస్తోంది. గాలికి మాట తెగిపోతోంది, మళ్ళీ ఊపిరి తీసుకుని అరుస్తోంది. మా తమ్ముడు పార కింద పడేసి వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"తిడుతోందా అమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను. తిట్టనీ, ఎంత తిడితే అంత మంచిది అనుకున్నాను.

ఆ అమ్మాయి ఫోన్ తల్లికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. "తిట్టడం లేదు" అంది. "కర్రలతో కొట్టొద్దు అంటోంది. లేత కొమ్మ చివరే వచ్చే ఏటి కాపు ఉంటుంది, అది విరిగితే చెట్టు కాయదు, చేత్తో దువ్వండి, చేత్తో దువ్వండి అంటోంది. పొద్దుట్నుంచీ అదే."

"ఏమంటోంది అక్కా?" అన్నాడు తమ్ముడు. నేను తెలుగులో చెప్పాను.

వాడు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. ఏదో అడుగుతాడనుకున్నాను. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఆ కొండ మీద ఉన్నవాళ్ళకి వినపడాలన్నట్టు, నరాలు ఉబ్బేలా అరిచాడు. "చేత్తో కొయ్యండ్రా! కర్రలు పడేసి చేత్తో కొయ్యండి! కొమ్మ విరిగిపోద్దిరా!" కూలీలు పని ఆపి మా వైపు చూశారు. నేను వాణ్ణి ఆపలేదు, వాడు అరుస్తూనే ఉన్నాడు.